తుపాకీ వీడియోలకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

2024 జూలై 13న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం, బట్లర్‌లో డొనాల్డ్ ట్రంప్ సభ మీద కాల్పులు జరిగాయి. సభకు వచ్చిన ఒకాయన ప్రాణాలు పోయాయి. ట్రంప్ చెవికి గాయమైంది. కాల్పులు జరిపిన యువకుడు వేసుకున్న టీషర్టు మీద ‘డెమొలిషన్ రాంచ్’ అనే యూట్యూబ్ చానల్ పేరు ఉంది. టెక్సస్‌కు చెందిన పశువైద్యుడు మాట్ క్యారికర్ నడిపిన చానల్ అది. సబ్‌స్క్రైబర్లు కోటికి పైనే. తుపాకీతో పుచ్చకాయలు పేల్చడం, ఏ తూటా ఎన్ని గోడలు దాటుతుందో పరీక్షించడం, ఇలాంటి సరదా ప్రయోగాలే అందులో ఎక్కువ. ఆ టీషర్టును ఎవరైనా ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టుకోవచ్చు. కొన్నవాడి మనసులో ఏముందో అమ్మినవాళ్లకు తెలిసే దారే లేదు. క్యారికర్ కూడా ఆ ఫొటో చూసి నిర్ఘాంతపోయానని, తన చానల్‌కీ హింసకీ సంబంధం లేదని చెప్పారు.

ఆ ఘటన గురించి మాట్లాడాల్సినవి చాలా ఉన్నాయి, కానీ ఇక్కడ విషయం ఆ టీషర్టు. కోటిమంది చందాదారులున్న చానల్‌కి యూట్యూబ్ యాడ్స్ డబ్బు చాలదా? టీషర్టులు ఎందుకు అమ్మాలి? క్యారికర్ ఒక్కరే కాదు, అమెరికాలో తుపాకీ వీడియోలు చేసే పెద్ద యూట్యూబర్లలో ఎక్కువమందికి టీషర్టుల దుకాణం ఉంటుంది. క్యారికర్‌కు చెందిన ‘బంకర్ బ్రాండింగ్’ అనే సంస్థ ఆయన టీషర్టులే కాక ఇతర చానళ్ల టీషర్టులు కూడా ముద్రించి అమ్ముతుంది. ఈ రంగానికి అక్కడ ‘గన్‌ట్యూబ్’ అని పేరు. ఇందులో డబ్బు ఎటు నుంచి వస్తుందో చూస్తే, ఏ వీడియోలో ఏం చెబుతారో, ఏం చెప్పకుండా వదిలేస్తారో కూడా చాలావరకు అర్థమవుతుంది.

పసుపు డాలర్ గుర్తు

వంటల చానల్ అయినా, తుపాకుల చానల్ అయినా యూట్యూబ్ లెక్క ఒకటే. వీడియో మీద వచ్చిన యాడ్స్ ఆదాయంలో 55 శాతం తీసినవారికి, మిగతాది యూట్యూబ్‌కి. చానల్ మెంబర్‌షిప్‌ల డబ్బులో 70 శాతం తీసినవారికి. తేడా వచ్చేది ఆ యాడ్స్ అసలు వస్తాయా రావా అన్న దగ్గర.

2017 మార్చిలో బ్రిటన్ పత్రికలు పెద్ద పెద్ద కంపెనీల ప్రకటనలు తీవ్రవాద వీడియోల పక్కన కనిపిస్తున్నాయని బయటపెట్టాయి. కంపెనీలు వరసగా యూట్యూబ్ నుంచి ప్రకటనలు వెనక్కి తీసుకున్నాయి. అప్పటి నుంచి ప్రతి వీడియోనీ ‘ప్రకటనదారులకు ఇబ్బంది లేనిదా’ అని ముందు కంప్యూటర్ జల్లెడ పడుతోంది. పర్వాలేదనుకుంటే ఆకుపచ్చ డాలర్ గుర్తు. అనుమానం వస్తే పసుపు గుర్తు, అంటే యాడ్స్ తక్కువ వస్తాయి, లేదా అసలు రావు. నియమాల ప్రకారం షూటింగ్ రేంజ్ లాంటి సురక్షితమైన చోట జాగ్రత్తగా కాల్చి చూపించే వీడియోకి యాడ్స్ రావచ్చు. కానీ నియమం చదివేది మనిషి, వీడియో చూసేది ముందు యంత్రం. తుపాకీ కనిపించిందంటే పసుపు పడే అవకాశం ఎప్పుడూ ఉంటుంది.

పసుపు గుర్తు పడ్డాక మనిషి చేత మళ్లీ చూపించమని అడగొచ్చు. చాలాసార్లు ఆకుపచ్చ తిరిగి వస్తుంది కూడా. ఇబ్బంది ఎక్కడంటే, కొత్త వీడియోకి చూపులు ఎక్కువ పడేది మొదటి రెండు మూడు రోజుల్లోనే. సమీక్ష పూర్తయ్యేసరికి ఆ వేడి చల్లారిపోతుంది. పది లక్షల మంది చూసిన వీడియోకి, తర్వాతెప్పుడో వచ్చే చివరి లక్ష మంది మీద మాత్రమే డబ్బు వస్తే నెల జీతాలు ఎలా ఇస్తారు? కెమెరామన్, ఎడిటర్‌లను పెట్టుకున్న చానల్‌కి ఇది రోజువారీ టెన్షన్. ఒక చిన్న ఊరట ఏమిటంటే, యూట్యూబ్ ప్రీమియం చందాదారులు చూసిన సమయానికి వచ్చే వాటా పసుపు గుర్తు ఉన్నా అందుతుంది. దానితో ఇల్లు గడవదు, అది వేరే సంగతి.

తర్వాత దెబ్బలు దుర్ఘటనల వెంటే వచ్చాయి. 2017 అక్టోబర్ 1న లాస్ వేగాస్‌లో హోటల్ పైఅంతస్తు నుంచి సంగీత కచేరీ మీద కాల్పులు జరిపినవాడు ‘బంప్ స్టాక్’ అనే పరికరాన్ని వాడాడు. మామూలు రైఫిల్‌ను మెషిన్‌గన్ వేగంతో కాల్చేలా చేసే పరికరమది. దాన్ని బిగించడం నేర్పే వీడియోలను యూట్యూబ్ నిషేధించింది. 2018 ఫిబ్రవరిలో ఫ్లోరిడాలోని పార్క్‌ల్యాండ్ పాఠశాల కాల్పుల తర్వాత, మార్చిలో ఇంకో నియమం వచ్చింది. తుపాకులు, కొన్ని రకాల ఉపకరణాలు అమ్మే సైట్లకు వీడియో కింద లింకు ఇవ్వకూడదు. తుపాకీ, సైలెన్సర్ లాంటివి ఇంట్లో తయారుచేయడం చూపించకూడదు. ఆ లింకుల మీదే కమీషన్ సంపాదిస్తున్న చిన్న చానళ్లకు ఒక్కసారిగా ఆ దారి మూసుకుపోయింది.

2023లో ‘టెక్ ట్రాన్స్‌పరెన్సీ ప్రాజెక్ట్’ అనే పరిశోధన సంస్థ ఒక పరీక్ష చేసింది. వీడియో గేములు ఇష్టపడే చిన్నపిల్లల పేరుతో ఖాతాలు తెరిచి, యూట్యూబ్ వాళ్లకు ఏం చూపిస్తుందో గమనించింది. అసలు తుపాకుల వీడియోలూ, కాల్పుల దృశ్యాలూ ఆ ఖాతాలకు వందల్లో వచ్చాయి. 2024 జూన్‌లో యూట్యూబ్ మళ్లీ నియమాలు బిగించింది. ఇంట్లో తయారైన తుపాకులు, ఆటోమేటిక్ తుపాకులు కాల్చే వీడియోలకు 18 ఏళ్ల వయోపరిమితి పెట్టింది. పిల్లల విషయంలో ఇది సరైన పనే. ఆదాయం విషయంలో మాత్రం వయోపరిమితి పడిన వీడియో దాదాపు మూలన పడినట్టే. లాగిన్ కాకుండా చూడలేరు, సిఫారసుల్లో తక్కువ కనిపిస్తుంది, యాడ్స్ తగ్గిపోతాయి.

యాడ్ ఇవ్వలేని కంపెనీలు

మామూలుగా ఈ కథ ఇక్కడితో ఆపేస్తుంటారు. యూట్యూబ్ కత్తెర వేసింది, పాపం యూట్యూబర్లు నష్టపోయారు అంటారు. కానీ నాణేనికి రెండో వైపు ఉంది, అసలు డబ్బు అక్కడే ఉంది.

గూగుల్ ప్రకటనల నియమాల ప్రకారం తుపాకులకు, విడిభాగాలకు, తూటాలకు ప్రకటన ఇవ్వడమే కుదరదు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో కూడా అంతే. 2019 డిసెంబర్‌లో ఇన్‌స్టాగ్రామ్ ఇంకో అడుగు వేసి, ఇన్‌ఫ్లుయెన్సర్లు డబ్బు తీసుకుని ఆయుధాలను ప్రచారం చేసే పోస్టులు కూడా కుదరవంది. అంటే కొత్త పిస్టల్ తెచ్చిన కంపెనీ దగ్గర ప్రచారానికి డబ్బు ఉంది, అది ఖర్చుపెట్టడానికి ఇంటర్నెట్‌లో పెద్ద తలుపులన్నీ మూసి ఉన్నాయి. తెరిచి ఉన్న దారుల్లో అన్నిటికన్నా ఎక్కువమందికి చేరేది ఈ యూట్యూబర్ల నోరే. తుపాకీ కొనాలనుకునేవాడు ఎలాగూ వాళ్ల వీడియోలు చూస్తాడు. ప్రకటనల వ్యవస్థ మధ్యలోంచి తప్పుకోవడంతో కంపెనీ, యూట్యూబర్ నేరుగా చేతులు కలిపారు. ఏటా జనవరిలో లాస్ వేగాస్‌లో జరిగే ‘షాట్ షో’ తుపాకీ పరిశ్రమకు అతిపెద్ద వాణిజ్య ప్రదర్శన. అక్కడి స్టాళ్ల మధ్య ఇప్పుడు పత్రికల విలేఖరులతో పాటు యూట్యూబర్లు కూడా కెమెరాలు పట్టుకుని తిరుగుతుంటారు.

ఈ సంబంధం ఎలా ఉంటుందో చూడాలంటే ‘హికాక్45’ చానల్ మంచి ఉదాహరణ. టెనెసీలో ఉండే గ్రెగ్ కిన్‌మన్ రిటైరైన టీచర్, అంతకుముందు కొంతకాలం పోలీసు శాఖలో పనిచేశారు. 2007లో మొదలైన చానల్‌లో ఆయన సొంత స్థలంలో నిలబడి, ఇనుప పలకలను, కూల్‌డ్రింక్ సీసాలను కాలుస్తూ తాపీగా మాట్లాడతారు. పక్కింటి పెద్దాయన కబుర్లలా ఉంటాయి. సబ్‌స్క్రైబర్లు 70 లక్షలు దాటారు. ఆ కబుర్ల నడుమనే బడ్స్ గన్ షాప్ పేరు, ఫెడరల్ అనే తూటాల కంపెనీ పేరు ఏళ్ల తరబడి వినిపిస్తూ వచ్చాయి. ఒకరు తుపాకులు అమర్చిపెట్టేవారు, ఇంకొకరు తూటాలు. పాటల కార్యక్రమానికి ముందు సమర్పకుల పేరు చదివినట్టు, అంతే సహజంగా. కింద లింకు ఉండదు, ఉండకూడదు కూడా. పేరు చెవిన పడితే చాలు, కొనేవాడు తనే వెతుక్కుంటాడు.

ఈ స్పాన్సర్ల జాబితాలో చాలా చానళ్లలో కనిపించే ఇంకో పేరు సోనోరన్ డెజర్ట్ ఇన్‌స్టిట్యూట్. ఆరిజోనాలో ఉన్న ఈ సంస్థ తుపాకుల మరమ్మతు పనిని దూరవిద్యలో నేర్పుతుంది. సైన్యంలో పనిచేసి వచ్చినవారికి చదువు కోసం ప్రభుత్వం ఇచ్చే నిధులు దీని ఫీజుకి వాడుకోవచ్చు. గన్‌ట్యూబ్ చూసేవారిలో మాజీ సైనికులు చాలామంది. ఎవరి దగ్గర ఖర్చుపెట్టడానికి ప్రభుత్వ డబ్బు ఉందో, వాళ్లు ఎక్కడ కూర్చుని వీడియో చూస్తున్నారో ఆ సంస్థకి బాగా తెలుసు. ఏ ప్రకటనల ఏజెన్సీ కూడా ఇంతకన్నా గురిగా చేరవేయలేదు.

చేతికి డబ్బు రాకపోయినా విలువైనది ఇంకోటి వస్తుంది, తుపాకీ. కంపెనీ కొత్త మోడల్‌ను పరీక్షించడానికి పంపిస్తుంది. అమెరికా చట్టం ప్రకారం రాష్ట్రాలు దాటి వచ్చే తుపాకీ లైసెన్స్ ఉన్న డీలర్ ద్వారానే చేతికి అందాలి కాబట్టి, అది ముందు యూట్యూబర్ ఊళ్లోని డీలర్ దగ్గరకు వస్తుంది. నెలో రెండు నెలలో వాడి చూసి తిరిగి పంపొచ్చు, నచ్చితే తగ్గింపు ధరకు ఉంచేసుకోవచ్చు. రూపాయి లంచం లేదు. అయినా తీవ్రంగా విమర్శిస్తే వచ్చే మోడల్ ఇంకో చానల్‌కి ముందు వెళ్తుంది. విడుదల రోజున వీడియో పెట్టగలిగినవాడికీ, నెల తర్వాత దుకాణంలో కొనుక్కుని పెట్టినవాడికీ చూపుల్లో చాలా తేడా. ఆ తేడాయే ఇక్కడ జీతం. అందుకే విడుదల రోజు వీడియోల్లో ‘కొంచెం ట్రిగర్ గట్టిగా ఉంది, అలవాటైపోతుంది’ లాంటి మెత్తటి మాటలు ఎక్కువ.

తుపాకీ విషయంలో ఈ మెత్తదనం ప్రాణాల మీదకు వస్తుంది. 2017 ఆగస్టులో జరిగింది గుర్తు చేసుకోవాలి. సిగ్ సావర్ కంపెనీ పీ320 పిస్టల్ అప్పటికే అమెరికా సైన్యం పోటీలో గెలిచిన మోడల్, పోలీసు శాఖలు చాలా కొన్నాయి. ఒమాహా ఔట్‌డోర్స్ అనే తుపాకుల దుకాణం వాళ్లు దాన్ని వేరే వేరే కోణాల్లో నేల మీద పడేసి చూశారు. వెనక భాగం కొట్టుకునేలా పడినప్పుడు, ట్రిగర్ ఎవరూ నొక్కకుండానే పిస్టల్ పేలింది. ఆ వీడియో బయటకొచ్చిన వెంటనే కంపెనీ పాత పిస్టళ్లను ఉచితంగా బాగుచేసి ఇస్తామని ప్రకటించింది. అంతకు కొద్ది రోజుల ముందు అదే కంపెనీ తమ పిస్టల్ సురక్షితమేనని చెప్పింది. ఆ మోడల్‌ను మెచ్చుకుంటూ అప్పటికి ఎన్నో వీడియోలు వచ్చాయి. నేల మీద పడేసి చూడాలన్న ఆలోచన కష్టమైనదేమీ కాదు. కంపెనీ పంపిన తుపాకీని పడేసి గీతలు పడేలా చేసి తిరిగి పంపడానికి మాత్రం ఎవరికైనా మనసు రాదు.

డబ్బు గానీ, ఉచితంగా వస్తువు గానీ తీసుకుని ప్రచారం చేస్తే ఆ సంగతి స్పష్టంగా చెప్పాలని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నియమం. 2023లో దాన్ని ఇంకా వివరంగా సవరించారు. కానీ ‘ఈ వీడియోలో పెయిడ్ ప్రమోషన్ ఉంది’ అని మూలన చిన్న అక్షరాలు కనిపించడం వేరు, ‘ఈ పిస్టల్ కంపెనీ పంపింది, నేను కొనలేదు’ అని నోటితో చెప్పడం వేరు. రెండోది చెప్పే చానల్‌ని కాస్త నమ్మొచ్చు.

టీషర్టులు, కాఫీ, ఒక బొటనవేలు

తుపాకీ అమ్మే లింకు ఇవ్వకూడదు సరే, చెవులకు పెట్టుకునే రక్షణ, కళ్లద్దాలు, పిస్టల్ పెట్టుకునే ఒర, శుభ్రం చేసే నూనె, కాగితపు గురి బొమ్మలు అమ్మితే ఎవరికీ అభ్యంతరం లేదు. కమీషన్ లింకులన్నీ ఇటు మళ్లాయి. వీటన్నిటికన్నా లాభం మిగిలేది టీషర్టులోనే. ముద్రణ ఖర్చు పోను మిగతాది చేతికి వస్తుంది, ఏ యంత్రమూ దానికి పసుపు గుర్తు వేయదు.

టీషర్టు నుంచి ఎంత దూరం వెళ్లొచ్చో బ్లాక్ రైఫిల్ కాఫీ కంపెనీ చూపించింది. మాజీ సైనికుడు మాట్ బెస్ట్, ఆయన స్నేహితులు మొదట ‘ఆర్టికల్ 15’ అనే పేరుతో టీషర్టులు అమ్ముతూ, సైనిక జీవితం మీద హాస్య వీడియోలు తీసేవారు. 2014లో ఇవాన్ హాఫర్‌తో కలిసి అదే ప్రేక్షకులకు కాఫీ పొడి అమ్మడం మొదలుపెట్టారు. ఇతర తుపాకీ చానళ్లకూ స్పాన్సర్‌గా మారారు. 2022 ఫిబ్రవరిలో కంపెనీ న్యూయార్క్ స్టాక్ ఎక్స్‌చేంజ్‌లో చేరింది. ఆ ఏడాది అమ్మకాలు 30 కోట్ల డాలర్లు. కాఫీ గింజ ఎక్కడిదైనా ఒకటే, అమ్ముడైంది ఆ ప్రేక్షకుల అభిమానం. తుపాకీ కంపెనీలు ఇచ్చే స్పాన్సర్ డబ్బుతో ఈ స్థాయికి చేరడం ఊహకి కూడా అందదు.

ప్రమాదం కూడా అమ్మకానికి వస్తుంది. 2021 ఏప్రిల్‌లో ‘కెంటకీ బాలిస్టిక్స్’ చానల్ నడిపే స్కాట్ డిషీల్డ్స్ .50 క్యాలిబర్, అంటే అర అంగుళం వెడల్పు తూటా వేసే రైఫిల్ కాలుస్తుండగా అది చేతుల్లోనే పేలిపోయింది. లోహపు ముక్క మెడలోకి దూసుకెళ్లి పెద్ద రక్తనాళం తెగింది. ఆయన రక్తం ఆగేలా గాయంలో తన బొటనవేలు పెట్టి నొక్కి పట్టుకున్నాడు, పక్కనే ఉన్న తండ్రి ఆస్పత్రి వైపు తీసుకెళ్లాడు. బతికి బయటపడి, ఆ ప్రమాదాన్ని పూర్తిగా వివరిస్తూ పెట్టిన వీడియోని కోట్లమంది చూశారు. బొటనవేలు పెట్టమనే మాటే తర్వాత చానల్ నినాదమై టీషర్టుల మీదకు ఎక్కింది. ఆయన ధైర్యాన్ని తక్కువ చేయడానికి లేదు. ఆ వీడియోలో ఏం తప్పు జరిగి ఉండొచ్చో ఓపికగా చెప్పడం వల్ల ఎందరికో మేలు జరిగి ఉంటుంది. అయితే వింత తూటా, పెద్ద క్యాలిబర్, ‘ఏమవుతుందో చూద్దాం’ అన్న వీడియోలకే చూపులు ఎక్కువ పడే ఈ పద్ధతి ఇలాంటి ప్రమాదాల వైపే తోస్తుంది.

అందుకు ఖర్చు కూడా తక్కువేమీ కాదు. .50 క్యాలిబర్ తూటా ఒక్కొక్కటి మూడు నాలుగు డాలర్లు. మామూలు 9 ఎంఎం తూటా ధర 2020 కరోనా కాలంలో కరువొచ్చి రెండు మూడు రెట్లకు ఎగబాకింది. 1986 మే తర్వాత తయారైన మెషిన్‌గన్‌లను సామాన్య పౌరులు కొనకూడదు. అంతకుముందువి వేల, పదుల వేల డాలర్లు పలుకుతాయి. అందుకని కొందరు యూట్యూబర్లు తయారీదారు లైసెన్స్ తీసుకుని, ఏటా 500 డాలర్ల ప్రత్యేక పన్ను కట్టి, ఆటోమేటిక్ తుపాకులు ఉంచుకునే హక్కు సంపాదిస్తారు. వినోదం కోసం చూసేవారికి ఈ లెక్కలు కనిపించవు.

చూసేవాళ్లే యజమానులైతే

ఈ మొత్తం వ్యవహారంలో భిన్నంగా నిలబడిన చానల్ ‘ఫర్గాటెన్ వెపన్స్’. ఆరిజోనాకు చెందిన ఇయాన్ మెకాలమ్ 2011లో మొదలుపెట్టారు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి ఫ్రెంచి రైఫిల్, కొన్ని మాత్రమే తయారై మరుగునపడిన జపాన్ పిస్టల్ లాంటివి బల్ల మీద పెట్టి, ఒక్కో భాగం విప్పి, ఎవరు ఎందుకు అలా తయారుచేశారో చెబుతారు. అరుపులు, పేలుళ్లు ఉండవు. 25 లక్షలకు పైగా సబ్‌స్క్రైబర్లు ఉన్నారు. ఆదాయానికి వెన్నెముక పేట్రియాన్, అంటే అభిమానులు నెలనెలా ఇచ్చే చిన్న చందా. ఒక్కొక్కరిది ఒకటో రెండో డాలర్లే కావచ్చు. ఏ వీడియోకి పసుపు గుర్తు పడినా నెలాఖరుకి ఆ డబ్బు వస్తుంది. యాడ్ ఇచ్చేవాడికి నచ్చాల్సిన పని లేదు.

అంత అరుదైన తుపాకులు ఆయనకు ఎలా దొరుకుతాయన్నది ఆసక్తికరమైన ప్రశ్న. ఇల్లినాయ్‌లో మొదలైన రాక్ ఐలాండ్ ఆక్షన్ కంపెనీ పాత తుపాకుల వేలానికి పేరు మోసింది. వేలానికి ముందు వాటిని విప్పి చిత్రీకరించడానికి ఆయనకు అనుమతి ఇస్తారు. ఆయనకు ప్రపంచంలో ఇంకెక్కడా కనిపించని తుపాకీ చేతికి వస్తుంది. వేలం సంస్థకు అదే తుపాకీ గురించి లక్షలమందికి ముందే తెలుస్తుంది. వందేళ్ల నాటి యంత్రం గొప్పగా ఉందన్నా, చెత్తగా ఉందన్నా తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది కాబట్టి అలిగేవాళ్లు ఎవరూ లేరు. కొత్త పిస్టల్ సమీక్షలో ఈ స్వేచ్ఛ ఉండదు. వేలం సంస్థకు లాభం లేదని కాదు. ఆ లాభం చెప్పే విషయాన్ని వంచే అవసరం చాలా తక్కువ.

మెకాలమ్ తర్వాత హెడ్‌స్టాంప్ పబ్లిషింగ్ అనే ప్రచురణ సంస్థలో భాగస్వామి అయ్యారు. ఫ్రాన్స్ సైనిక రైఫిళ్ల చరిత్ర మీద రాసిన లావుపాటి పుస్తకానికి, అచ్చు వేయకముందే పాఠకుల నుంచి ఆన్‌లైన్‌లో ముందస్తు డబ్బు సేకరించారు. యూట్యూబ్‌లో ఉచితంగా చూసినవారే బొమ్మలున్న గట్టి అట్ట పుస్తకానికి డబ్బు కట్టారు. వీడియో ఇక్కడ అమ్మే సరుకు కాదు, పుస్తకం రాయగల మనిషి ఇతనేనని నమ్మకం కుదిర్చే చోటు.

ఆయన స్నేహితుడు కార్ల్ కసార్డా నడిపే ‘ఇన్‌రేంజ్ టీవీ’ ఇంకా గట్టిగా నిలబడింది. యాడ్స్ వద్దని తనే ఆపేసి, స్పాన్సర్లను తీసుకోకుండా, చూసేవారి చందాతోనే నడుస్తుంది. 2018 నిషేధాలు వచ్చినప్పుడు ఆ చానల్ తన వీడియోలను ఒక అశ్లీల వీడియోల సైట్లో కూడా పెట్టింది. యూట్యూబ్ ఏ రోజు తలుపు మూస్తుందో తెలియనప్పుడు, తీసేయకుండా ఉంచే చోటు ఏదైతే అది చాలనుకున్నారు. ఫుల్30 లాంటి తుపాకులకే ప్రత్యేకమైన సైట్లు, తర్వాత రంబుల్ లాంటివి కూడా వచ్చాయి. అక్కడ నిషేధాలు తక్కువ, కొత్త ప్రేక్షకులు కూడా తక్కువే. దారిన పోయేవాడు ఒక వీడియో చూసి ఆగిపోయే చోటు ఇప్పటికీ యూట్యూబే. అందుకే ఎంత తిట్టుకున్నా ఎవరూ దాన్ని వదల్లేదు.

డబ్బు వచ్చే గొట్టాలు కూడా ఎప్పుడైనా బిగుసుకుపోవచ్చు. పేపాల్ తుపాకుల అమ్మకానికి ఒప్పుకోదు. 2018 ఆగస్టులో ఆన్‌లైన్ దుకాణాల వేదిక షాపిఫై కొన్ని రకాల తుపాకులు, విడిభాగాల అమ్మకాన్ని నిషేధించింది. టీషర్టులు, పుస్తకాలు, చందాల వైపు అందరూ మళ్లడానికి ఇది కూడా ఒక కారణం. తుపాకీ గురించి మాట్లాడి సంపాదించొచ్చు, తుపాకీ అమ్మి ఆన్‌లైన్‌లో సంపాదించడం కష్టం.

స్పాన్సర్ డబ్బు జైలుకి దారితీసినప్పుడు

విస్కాన్సిన్‌కు చెందిన మాథ్యూ హూవర్ ‘సీఆర్‌ఎస్ ఫైర్‌ఆర్మ్స్’ అనే చానల్ నడిపేవాడు. ఫ్లోరిడాలో జస్టిన్ ఎర్విన్ అనే అతను ‘ఆటో కీ కార్డ్’ అనే వస్తువు అమ్మేవాడు. క్రెడిట్ కార్డు సైజు ఉక్కు రేకు, దాని మీద గీతలు చెక్కి ఉంటాయి. ఆ గీతల వెంట కోసి తీస్తే, ఏఆర్-15 రైఫిల్‌ను మెషిన్‌గన్‌గా మార్చే భాగం తయారవుతుంది. సీసా మూత తీసే పరికరమని, వాడకూడని అలంకరణ వస్తువని పేర్లు పెట్టి అమ్మారు. హూవర్ దాన్ని తయారు చేయలేదు. డబ్బు తీసుకుని తన చానల్‌లో ప్రచారం చేశాడు. రేకు మీద గీసిన బొమ్మ తుపాకీ ఎలా అవుతుంది, అది వాక్‌స్వాతంత్ర్యం కదా అని న్యాయవాదులు వాదించారు. 2023 ఏప్రిల్‌లో జాక్సన్‌విల్ ఫెడరల్ కోర్టులో జ్యూరీ ఇద్దరినీ దోషులుగా తేల్చింది. సెప్టెంబర్‌లో ఎర్విన్‌కు ఐదేళ్ల ఎనిమిది నెలలు, హూవర్‌కు ఐదేళ్లు శిక్ష పడ్డాయి. యాడ్స్ ఆగిపోయిన చానల్‌కి చేతిలో డబ్బు పెట్టే ఏ స్పాన్సరైనా ముద్దొస్తాడు. ఆ స్పాన్సర్ సరుకు చట్టబద్ధమో కాదో చూసే పని, ఇదివరకు ప్రకటనల కంపెనీలు చేసేది, ఇప్పుడు ఒక్క మనిషి నెత్తిన పడింది. అతని వీడియోలే అతనికి వ్యతిరేకంగా సాక్ష్యం అయ్యాయి.

వీడియోయే సాక్ష్యమన్న మాట అమెరికాలోని తెలుగువాళ్లు గట్టిగా పట్టించుకోవాలి. డాలస్‌లోనో, అట్లాంటాలోనో ఉంటూ తెలుగులో వ్లాగులు చేసేవారికి గన్ షాపు, షూటింగ్ రేంజ్ వీడియో అంటే మంచి చూపులు వస్తాయని తెలుసు. ‘అమెరికాలో తుపాకీ ఎంత ఈజీగా కొనొచ్చో చూడండి’ అని థంబ్‌నెయిల్, చేతిలో రైఫిల్. కానీ అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్-1బీ, ఎఫ్-1, విజిటర్ లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకీ గానీ, తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. రేంజ్‌లో గంటకు అద్దెకు తీసుకుని కాల్చడం కూడా దాని కిందకే వస్తుంది. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్స్ ఉంటే మినహాయింపు దొరుకుతుంది. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ నిషేధం లేదు. ఉల్లంఘిస్తే 2022 నుంచి గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు. రేంజ్ కౌంటర్ దగ్గర ఎవరూ వీసా అడగకపోయినా చట్టం మారదు. ఆ వీడియోకి వచ్చే యాడ్స్ డబ్బు ఎంతైనా, దేశం నుంచి పంపించేసే ప్రమాదం ముందు చాలా చిన్నది. రేంజ్‌కి వెళ్లాలన్న ఆశ ఉంటే కెమెరా తీసేముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగడం, ముందు ఆ వేట లైసెన్స్ తీసుకోవడం ఒక్కటే సరైన దారి.

ఇక్కడ ఆంధ్రప్రదేశ్, తెలంగాణలో ఇలాంటి చానల్‌కి చోటే లేదు. 1959 ఆయుధాల చట్టం, 2016 ఆయుధ నియమాల కింద లైసెన్స్ దొరకడమే అరుదు. 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండు తుపాకులకు మించి ఉండకూడదు. పెళ్లిళ్లలో, ఊరేగింపుల్లో సరదాకి గాల్లోకి కాల్చి ఇతరుల ప్రాణాలకు ముప్పు తెస్తే రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. లైసెన్స్ తుపాకీతో అయినా రీల్ తీసి పెడితే పోలీసులకు పని సులువు చేసినట్టే.